పెట్టె, ప్రమాణం, ఒప్పందం: కంటైనర్ రవాణా చరిత్ర – ఒక పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:

సరుకును నిర్ణీత కొలతలు గల ఇనుప పెట్టెలో ఉంచి, దానిని విప్పకుండానే లారీ నుండి ఓడకు, ఓడ నుండి రైలుకు మార్చే పద్ధతి ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో ప్రపంచ వాణిజ్య స్వరూపాన్ని మార్చింది. ఈ మార్పును 1956 నాటి ఒక ఓడ ప్రయాణానికి, ఒక వ్యాపారి చొరవకు ఆపాదించడం పరిపాటి. అయితే పెట్టె అంతకుముందే ఉంది. దానిని ప్రపంచ వ్యవస్థగా నిలబెట్టినవి కొలతలపై కుదిరిన అంగీకారం, రేవు కార్మికులతో కుదిరిన ఒప్పందాలు, రేవుల నిర్మాణంలో ప్రభుత్వాలు పెట్టిన పెట్టుబడులు. ఈ ఒప్పందాలలో ఎవరికి చోటు దక్కింది, ఎవరికి దక్కలేదు అనే ప్రశ్న ఆధారంగా కంటైనర్ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చివరి భాగంలో భారతదేశ అనుభవం, అందులో తెలుగు తీరం స్థానం సంక్షిప్తంగా చర్చించబడ్డాయి.

కీలకపదాలు: కంటైనర్, నౌకా రవాణా, రేవు కార్మికులు, ప్రమాణీకరణ, ఓడరేవులు, ప్రపంచీకరణ, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం:

1956 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో గల నెవార్క్ రేవు నుండి 'ఐడియల్-ఎక్స్' అనే ఓడ టెక్సాస్‌లోని హ్యూస్టన్‌కు బయలుదేరింది. రెండో ప్రపంచయుద్ధ కాలపు చమురు ఓడను మార్పు చేసి, దాని పైతట్టు మీద 58 పెట్టెలు అమర్చారు. ఈ ప్రయాణాన్ని నిర్వహించిన మాల్కమ్ మెక్‌లీన్ నౌకా వ్యాపారి కాదు. నార్త్ కరొలీనాలో లారీల వ్యాపారంతో ఎదిగినవాడు. కంటైనర్ చరిత్రను గూర్చిన రచనలు అధికభాగం ఈ ఘట్టంతోనే ఆరంభమవుతాయి.

సరుకును పెట్టెలో ఉంచి పంపే ఆలోచన అంతకుముందు లేనిది కాదు. రెండు ప్రపంచయుద్ధాల మధ్యకాలంలో బ్రిటిష్ రైల్వేలు సరుకు పెట్టెలను వాడాయి. 1933లో పారిస్ కేంద్రంగా అంతర్జాతీయ కంటైనర్ బ్యూరో ఏర్పడింది. అమెరికా సైన్యం 'కానెక్స్' అనే ఉక్కు పెట్టెలను వినియోగించింది. 1955లో కెనడాలోని వాంకూవర్ నుండి అలాస్కాలోని స్కాగ్‌వేకు సరుకు చేర్చిన 'క్లిఫర్డ్ జె. రోజర్స్' ఓడను పెట్టెల రవాణా కోసమే నిర్మించారు. పెట్టె ముందే ఉన్నప్పుడు, ఫలితం ఆలస్యంగా ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం పెట్టెలో గాక, దాని చుట్టూ ఏర్పడిన సంస్థాగత ఏర్పాట్లలో వెదకవలసి ఉంది.

2. పెట్టెకు పూర్వం రేవు:

కంటైనర్‌కు ముందు సాధారణ సరుకు విడివిడిగా ఓడ ఎక్కేది. గోనె సంచులు, పీపాలు, బేళ్ళు, చెక్కపెట్టెలు, యంత్ర భాగాలు – ప్రతిదానినీ మనిషి చేతితో తాకవలసిందే. 1954లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ నుండి జర్మనీలోని బ్రెమర్‌హావెన్‌కు వెళ్ళిన 'వారియర్' ఓడ ప్రయాణంపై జరిగిన అధ్యయనం ఈ స్థితిని అంకెలలో చూపింది. సుమారు 5,000 టన్నుల ఆ సరుకులో 1,94,582 విడి వస్తువులు ఉన్నాయి. అవి 151 నగరాల నుండి 1,156 వేర్వేరు దఫాలుగా రేవుకు చేరాయి. సరుకు ఎక్కించడానికి ఆరు రోజులు, దించడానికి నాలుగు రోజులు పట్టింది. సముద్ర ప్రయాణానికి పట్టినది సుమారు పదిన్నర రోజులు. మొత్తం ఖర్చులో సముద్ర ప్రయాణం వాటా 11.5 శాతం కాగా, రెండు రేవులలోని ఖర్చు 36.8 శాతం. సముద్రం దాటించడం కంటే రేవు దాటించడం ఖరీదైన పని అని దీనివల్ల స్పష్టమవుతుంది.

రేవు పని రోజుకూలి పని. ఓడ వస్తే పని ఉంటుంది, రాకపోతే ఉండదు. ఉదయాన్నే గేటు వద్ద మూగిన కూలీల నుండి మేస్త్రీ కొందరిని ఎంపిక చేసే పద్ధతి న్యూయార్క్, లండన్, బొంబాయి వంటి రేవులన్నింటిలో ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. తెలుగువారి వలస చరిత్రలో ఇందుకు ప్రబలమైన ఉదాహరణ రంగూన్. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో 'కోరంగీలు'గా పిలువబడిన తెలుగు కూలీలు ఆ రేవు పనిలో ప్రధాన భాగంగా ఉండేవారు. 1930 మే నెలలో వారు కూలి పెంపు కోరుతూ సమ్మె చేయగా, కాంట్రాక్టర్లు బర్మీయ కూలీలను నియమించారు. సమ్మె ముగిశాక బర్మీయులను తొలగించడంతో చెలరేగిన హింసలో అనేకమంది ప్రాణాలు కోల్పోయారు. రేవులో ఒక దినం పని ఎవరికి దక్కుతుందన్నది ఎంత తీవ్రమైన విషయమో ఈ ఘటన తెలుపుతుంది. ఈ అనిశ్చితి కారణంగానే రేవు కార్మికులు బలమైన సంఘాలు కట్టారు. ఒక్కో ముఠాలో ఎందరుండాలి, ఏ పని ఎవరిది అనే విషయాలపై నియమాలు సాధించుకున్నారు. కంటైనర్ వచ్చి తాకినది ఈ నియమాలనే.

3. నౌకాయానం నుండి సరుకు రవాణాకు:

మెక్‌లీన్ ప్రత్యేకత పెట్టెను కనుగొనడంలో లేదు. నౌకా సంస్థల పని ఓడలు నడపడం కాదనీ, సరుకును పంపినవాని గుమ్మం నుండి అందుకొనేవాని గుమ్మానికి చేర్చడమనీ అతడు గ్రహించాడు. కనుక ఓడ, క్రేన్, లారీ, పెట్టె, రేవు – ఇవన్నీ ఒకదానికొకటి సరిపోవాలి. ఇంజనీరు కీత్ టాంట్లింగర్ పెట్టె మూలలలో ఉక్కు దిమ్మలను, వాటిని ఒకదానిపై ఒకటి బిగించే 'ట్విస్ట్‌లాక్'ను రూపొందించాడు. పెట్టెలను ఒకదానిపై ఒకటి పేర్చడానికి, క్రేన్‌తో క్షణాలలో పట్టి లేపడానికి ఈ చిన్న పరికరమే ఆధారం. 1957లో 'గేట్‌వే సిటీ' ఓడ లోపలి భాగాన్ని అరలుగా మార్చి 226 పెట్టెలు పట్టే ఏర్పాటు చేశారు. 1958లో పసిఫిక్ తీరంలో మ్యాట్సన్ సంస్థ హవాయి మార్గంలో తన సొంత పద్ధతిని ప్రారంభించింది.

విడి సరుకు ఓడకెక్కించడానికి టన్నుకు 5.83 డాలర్లు ఖర్చయ్యే రోజులలో 'ఐడియల్-ఎక్స్' పై ఆ ఖర్చు 15.8 సెంట్లుగా లెక్కతేలింది. కంటైనర్ చరిత్రలో తరచుగా ఉదహరించే ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. ఇది ఓడకెక్కించే ఖర్చు మాత్రమే. ఓడ కిరాయి కాదు, వినియోగదారు చెల్లించే ధర అంతకన్నా కాదు. ఒక రేవులో ఆదా అయిన సొమ్ము ప్రపంచ వాణిజ్యపు లాభంగా మారడానికి మరో పదేళ్ళకు పైగా పట్టింది.

4. కొలతలపై అంగీకారం:

తొలి దశలో ప్రతి సంస్థకూ తన పెట్టె, తన కొలత. మెక్‌లీన్ సంస్థ – 1960 నుండి దీని పేరు 'సీ-ల్యాండ్' – 35 అడుగుల పెట్టెలు వాడితే, మ్యాట్సన్ 24 అడుగుల పెట్టెలు వాడింది. ఒకరి పెట్టె మరొకరి ఓడలో ఇమడదు, ఒకరి క్రేన్ మరొకరి పెట్టెను పట్టదు. ఈ స్థితి కొనసాగి ఉంటే కంటైనర్ కొన్ని మార్గాలకు పరిమితమైన వసతిగా మిగిలేది.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1961లో దీనికై ఒక సాంకేతిక సంఘాన్ని ఏర్పాటు చేసింది. పెట్టె వెడల్పు 8 అడుగులుగా, పొడవులు 10, 20, 30, 40 అడుగులుగా చర్చకు వచ్చాయి. అప్పటికే విరివిగా వాడుకలో ఉన్న 35, 24 అడుగుల కొలతలు రెండూ ఈ జాబితాలో లేకపోవడం గమనించదగిన అంశం. మూల దిమ్మల విషయంలో పరిష్కారం మరింత క్లిష్టమైంది. టాంట్లింగర్ రూపకల్పనపై హక్కు సీ-ల్యాండ్‌ది. 1963లో మెక్‌లీన్ ఆ పేటెంట్ హక్కులను అందరి వినియోగానికి వదులుకొన్నాడు. దాని ఆధారంగా ఏర్పడిన నమూనాను 1965లో హేగ్ నగరంలో జరిగిన సమావేశం ఆమోదించింది. తరువాతి పరీక్షలలో బయటపడిన బలహీనతల కారణంగా 1967లో దానిని సవరించారు. 1968లో కొలతల ప్రమాణం వెలువడింది. నేడు ఓడల సామర్థ్యాన్ని, రేవుల పరిమాణాన్ని 20 అడుగుల పెట్టెల సంఖ్యలో లెక్కించడం ఆ నిర్ణయం ఫలితమే.

ఏ దేశం తయారుచేసిన పెట్టె అయినా ఏ దేశపు ఓడలోనైనా, ఏ దేశపు రైలుపైనైనా ఇమిడే స్థితి ఏర్పడిన తరువాతే పెట్టుబడి పెద్దఎత్తున వచ్చింది. పోటీదారులు కొంత వదులుకొంటేనే ఉమ్మడి వ్యవస్థ సాధ్యమైంది.

5. శ్రమపై ఒప్పందాలు:

కంటైనర్ వల్ల రేవులో మనుషుల అవసరం తగ్గుతుందన్నది అందరికీ ఆదిలోనే తెలిసిన విషయం. ఆ తగ్గుదల ఎలా జరగాలన్న విషయంలో రేవురేవుకూ భేదం ఉంది.

అమెరికా పశ్చిమ తీరంలో హ్యారీ బ్రిడ్జెస్ నాయకత్వంలోని కార్మిక సంఘం 1960లో యాంత్రీకరణ ఒప్పందం కుదుర్చుకుంది. యజమానులకు యంత్రాలు తెచ్చుకొనే స్వేచ్ఛ ఇచ్చి, బదులుగా సుమారు 2 కోట్ల 90 లక్షల డాలర్ల నిధిని సంఘం సాధించింది. ముందస్తు పదవీ విరమణ, ఉన్నవారికి ఉద్యోగ భద్రత ఇందులో భాగం. న్యూయార్క్‌లో ఘర్షణ అనంతరం 1964–65లో కుదిరిన ఒప్పందం ప్రకారం ముఠా పరిమాణం 20 నుండి 17కు తగ్గింది. అర్హులైన కార్మికులకు ఏటా 1,600 గంటల కూలి హామీ లభించింది. ఓడ రాకున్నా ఆదాయం ఉండే స్థితి రేవు కార్మికుని జీవితంలో కొత్తది.

ఈ హామీలు అప్పటికే నమోదైన కార్మికులకు మాత్రమే. మన్‌హట్టన్ రేవులలో 1963–64లో సుమారు 14 లక్షల పనిదినాలు ఉండగా, 1975–76 నాటికి అవి సుమారు 1 లక్షా 27 వేలకు పడిపోయాయి. రేవు చుట్టూ బ్రతికిన గిడ్డంగులు, చిన్న కర్మాగారాలు, లారీ పనివారు, హోటళ్ళవారు ఏ ఒప్పందంలోనూ భాగస్వాములు కారు. తండ్రి పనిలో కొడుకు ప్రవేశించే దారి మూసుకుపోయింది. ఆ కొడుకుకు పరిహారం చెల్లించే నిబంధన ఏ ఒప్పందంలోనూ లేదు.

బ్రిటన్‌లో పరిణామం మరింత ఘర్షణతో సాగింది. 1967లో రేవు పనిలో రోజుకూలి పద్ధతి రద్దయింది. లండన్‌కు దిగువన గల టిల్‌బరీలో కొత్త కంటైనర్ బెర్తులపై సంఘం విధించిన నిషేధం 1968 నుండి 1970 వరకు కొనసాగింది. అదే సమయంలో జాతీయ రేవు కార్మిక పథకం పరిధిలో లేని చిన్న రేవు ఫెలిక్స్‌టో కంటైనర్లను ఆహ్వానించి త్వరలోనే పెద్ద రేవుగా ఎదిగింది. పెట్టెలలో సరుకు నింపే పని రేవు బయటి డిపోలకు తరలిపోవడంతో, ఆ పని తమదేనంటూ 1972లో లండన్ కార్మికులు పికెటింగ్ చేశారు. అయిదుగురు కార్మిక ప్రతినిధులు జైలుకు వెళ్ళగా, దేశవ్యాప్తంగా సమ్మెలు జరిగి వారు విడుదలయ్యారు. అయినప్పటికీ పని తరలిపోవడం ఆగలేదు.

6. యుద్ధం, పసిఫిక్ మార్గం:

1966లో అట్లాంటిక్ మీదుగా ఐరోపాకు కంటైనర్ సర్వీసులు మొదలయ్యాయి. ఆసియాకు ఈ వ్యవస్థను చేర్చినది వియత్నాం యుద్ధం. 1965 తరువాత అమెరికా సైనిక సరఫరాలు అక్కడి రేవులలో పేరుకుపోయి, ఓడలు దించుకొనే దిక్కులేక నిలిచిపోయాయి. 1967లో సీ-ల్యాండ్ సైన్యంతో ఒప్పందం కుదుర్చుకుని కామ్ రాన్ అఖాతంలో కంటైనర్ రేవును నిర్వహించింది. ఓడలు నిండుగా వెళ్ళి ఖాళీగా తిరిగివచ్చేవి. రానుపోను ఖర్చు సైన్యమే భరించింది. తిరుగు ప్రయాణంలో జపాన్‌లో ఆగి సరుకు ఎక్కించుకొంటే వచ్చే కిరాయి దాదాపు లాభమే. 1968లో ఈ ఏర్పాటు అమలైంది. అదే సంవత్సరం జపాన్ తన తొలి పూర్తి కంటైనర్ ఓడ 'హకోనె మారు'ను కాలిఫోర్నియా మార్గంలో ప్రవేశపెట్టింది. టెలివిజన్లు, స్టీరియోల వంటి జపాన్ ఎగుమతులకు ఈ మార్గం అనుకూలించింది. స్వేచ్ఛా విపణి విజయంగా వర్ణింపబడే పరిణామం వెనుక ప్రభుత్వ యుద్ధవ్యయం ఉన్నదన్న విషయం విస్మరించరానిది.

7. మారిన రేవుల భౌగోళికం:

కంటైనర్‌కు కావలసినది పొడవైన జెట్టీ కాదు. పెట్టెలు పేర్చడానికి విశాలమైన భూమి, లోతైన నీరు, రైలు, రహదారి. నగరం నడిబొడ్డున గల పాత రేవులలో ఇవి లేవు. న్యూయార్క్ వాణిజ్యం నది దాటి న్యూజెర్సీలోని నెవార్క్, ఎలిజబెత్‌లకు తరలింది. లండన్‌లో 1967 నుండి పాత డాకులు ఒక్కొక్కటిగా మూతపడగా, 1981 నాటికి రాయల్ డాకులు కూడా ఆగిపోయాయి.

మరొకవైపు, ముందుగా పెట్టుబడి పెట్టిన రేవులు లాభపడ్డాయి. 1965లో స్వతంత్రమైన సింగపూర్, తన వద్దకు కంటైనర్ ఓడలు ఇంకా రాకముందే ప్రపంచబ్యాంకు ఋణంతో బెర్తులు నిర్మించింది. 1972 జూన్‌లో తంజోంగ్ పగార్ కంటైనర్ టెర్మినల్ ప్రారంభమైంది. పెద్ద ఓడలు కొన్ని రేవులకే వచ్చి, అక్కడి నుండి చిన్న ఓడలు చుట్టుపక్కల రేవులకు సరుకు చేర్చే పద్ధతి స్థిరపడింది. పెద్ద ఓడ ఆగే రేవు, ఆగని రేవు అనే భేదం దేశాల వాణిజ్య వ్యయాలను నిర్ణయించసాగింది.

8. రవాణా వ్యయం నిజంగా తగ్గిందా? – చరిత్రకారుల చర్చ:

మార్క్ లెవిన్సన్ 2006లో ప్రచురించిన 'ది బాక్స్' కంటైనర్‌ను ఆర్థిక చరిత్రలో ప్రధానాంశంగా నిలిపింది. కిరాయిల తగ్గుదలను నేరుగా చూపగల గణాంకాలు పరిమితమని అతడే అంగీకరించాడు. డేవిడ్ హమ్మెల్స్ 2007 నాటి వ్యాసంలో, విమాన రవాణా ఖర్చు తగ్గిన స్థాయిలో సముద్ర రవాణా ఖర్చు తగ్గలేదని, 1970లలో చమురు ధరల వల్ల అది పెరిగిందని చూపాడు. మెక్‌లీన్ సంస్థ నిర్మించిన అతివేగపు 'ఎస్.ఎల్-7' ఓడలు చమురు సంక్షోభ కాలంలోనే సేవలోకి రావడం, భరించరాని ఇంధన వ్యయంతో చివరకు అమెరికా నౌకాదళం చేతికి చేరడం ఇందుకు అనుబంధంగా చూడవచ్చు. అతని తరువాతి సంస్థ 'యునైటెడ్ స్టేట్స్ లైన్స్' 1986లో దివాలా తీసింది.

మరొకవైపు బెర్న్‌హోఫెన్, ఎల్-సాహ్లి, నెల్లర్ 2016లో ప్రచురించిన అధ్యయనం, రెండు దేశాలూ కంటైనర్ పద్ధతిని స్వీకరించిన తరువాత వాటి మధ్య వాణిజ్యం విశేషంగా పెరిగిందని నిరూపించింది. ఆ ప్రభావం పారిశ్రామిక దేశాల మధ్య అధికంగా, వర్ధమాన దేశాల విషయంలో తక్కువగా ఉన్నట్లు ఆ అధ్యయనం తెలిపింది.

ఈ రెండు నిర్ధారణలు పరస్పర విరుద్ధాలు కావు. కిరాయి పట్టికలో కనిపించని లాభాలు కంటైనర్ వల్ల కలిగాయి: రేవులో ఓడ నిలిచే కాలం తగ్గింది, దొంగతనాలు, నష్టాలు తగ్గాయి, సరుకు ఎప్పుడు చేరుతుందో ముందే చెప్పగలిగే స్థితి వచ్చింది. గిడ్డంగిలో నెలల నిల్వ అవసరం తగ్గినందున ఒక వస్తువు భాగాలను అనేక దేశాలలో చేయించి మరొక దేశంలో జోడించే ఉత్పత్తి విధానం సాధ్యమైంది. కాబట్టి కంటైనర్ ప్రభావాన్ని కిరాయితో గాక కాలంతోను, నమ్మకంతోను కొలవడం సమంజసం.

9. భారతదేశం – తెలుగు తీరం:

భారతదేశంలో తొలి కంటైనర్ ఓడ 'ప్రెసిడెంట్ టైలర్' 1973 నవంబరులో కొచ్చిన్ రేవుకు వచ్చింది. కాని వ్యవస్థ స్థిరపడడానికి మరో దశాబ్దంన్నర పట్టింది. 1988లో కంటైనర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమైంది. 1989లో బొంబాయి పాత డాకులకు ఎదురుగా, సముద్రపు పాయ ఆవలి ఒడ్డున నవషేవాలో జవహర్‌లాల్ నెహ్రూ రేవు ప్రారంభమైంది. న్యూయార్క్–న్యూజెర్సీ, లండన్–టిల్‌బరీ మధ్య జరిగిన తరలింపే ఇక్కడా జరిగింది. పెద్ద ఓడలు ఆగే రేవు లేక భారతీయ సరుకులో గణనీయమైన భాగం కొలంబో, సింగపూర్‌లలో ఓడ మారవలసి వచ్చింది.

విశాఖపట్నం చరిత్ర వేరు. 1933లో ఆరంభమైన ఈ రేవు మాంగనీసు ఖనిజంతోను, తరువాత జపాన్‌కు ఎగుమతైన బైలదిల్లా ఇనుప ఖనిజంతోను ఎదిగింది. రాశిగా పోసే ఖనిజానికి పెట్టెతో పనిలేదు. అందువల్ల కంటైనర్ ఇక్కడికి ఆలస్యంగా వచ్చింది. ప్రత్యేక టెర్మినల్ 2003లో మొదలైంది. ఆంధ్ర తీరంలో రొయ్యల సాగు, ముఖ్యంగా 2009లో వనామీ రకానికి అనుమతి లభించాక, విస్తరించడంలో శీతల కంటైనర్ పాత్ర ఉంది. గడ్డకట్టించిన రొయ్యను చెరువు సమీపపు ప్రాసెసింగ్ ప్లాంటు నుండి అమెరికా గిడ్డంగి వరకు చలి తప్పకుండా చేర్చేది ఆ పెట్టే. గోదావరి జిల్లాల రైతు ఆదాయం దూరదేశపు ధరకు ముడిపడడానికి ఇది ఒక మార్గమైంది. ధర పెరిగినప్పుడు లాభం చేరినట్లే, ధర పడినప్పుడు నష్టమూ అదే దారిన చేరుతుంది.

శ్రమ విషయంలో భారతదేశం 1948 నాటి రేవు కార్మికుల చట్టం ద్వారా రోజుకూలీలకు రక్షణ కల్పించింది. 1950లలో బొంబాయి, కలకత్తా, మద్రాసు, విశాఖపట్నం రేవులలో డాక్ లేబర్ బోర్డులు ఏర్పడ్డాయి. 1997 నాటి చట్టం ఈ బోర్డులను పోర్టు ట్రస్టులలో విలీనం చేయడానికి వీలు కల్పించింది. విశాఖ బోర్డు కూడా తరువాతి కాలంలో విలీనమైంది. బోర్డు జాబితాలో ఉన్న కళాసీకి ఉద్యోగ భద్రత మిగిలింది. కొత్త టెర్మినళ్ళలో లారీ నడిపేవారు, పెట్టెలు నింపి ఖాళీచేసే ఒప్పంద కూలీలు ఆ జాబితాకు బయటివారు.

10. ముగింపు:

పై పరిశీలన నుండి ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

• కంటైనర్ ఒక వ్యక్తి ఆవిష్కరణ కాదు. కొలతలపై అంగీకారం కుదిరిన 1960ల చివరి భాగమే దాని ప్రపంచ చరిత్రకు అసలు ఆరంభం.

• ప్రభుత్వ వ్యయం – యుద్ధ సరఫరాలు, రేవుల నిర్మాణం, ప్రజాఋణాలు – ఈ మార్పునకు మూలాధారాలలో ఒకటి.

• కంటైనర్ ప్రధాన ప్రభావం కిరాయి తగ్గుదల కంటే సమయ నిశ్చయతలో ఉంది. ప్రపంచవ్యాప్త ఉత్పత్తి విధానం దానిపై ఆధారపడింది.

• యాంత్రీకరణ లాభంలో వాటా సంఘటిత కార్మికులకు మాత్రమే, అదీ ఒక తరానికి మాత్రమే లభించింది. తరువాతి తరం, రేవు పరిసర వృత్తులవారు లెక్కలోకి రాలేదు.

• తెలుగు తీరంలో రేవు శ్రమ చరిత్ర – కోరంగి, రంగూన్, విశాఖ కళాసీల అనుభవం – విడివిడి అధ్యయనాలుగా గాక, ఈ ప్రపంచ పరిణామంలో భాగంగా పరిశోధింపదగినది.

రేవులో చేతితో సరుకు మోసిన తరం నేడు వృద్ధాప్యంలో ఉంది. పోర్టు దస్తావేజులు టన్నులను, పెట్టెలను లెక్కించాయే గాని వారి పని నైపుణ్యాన్ని, ముఠా కట్టుబాట్లను, పాటలను నమోదు చేయలేదు. ఆ మౌఖిక చరిత్రను సేకరించడానికి మిగిలిన వ్యవధి తక్కువ. కంటైనర్ చరిత్ర సమగ్రం కావాలంటే పెట్టె రాకతో ఖాళీ అయిన చేతుల చరిత్ర కూడా అందులో చేరాలి.